విదేశీ ఫీల్డ్ ట్రిప్‌కు డబ్బు లెక్క: అందరికంటే తక్కువ డబ్బున్న పిల్లవాడి దగ్గర మొదలుపెట్టండి

నెల్లూరు చుట్టుపక్కల ఏ టీ కొట్టు దగ్గర కూర్చున్నా రొయ్యల కౌంటు (కిలోకి ఎన్ని తూగుతాయని) ఎంత, రేటు ఎంత అనే మాటే వినపడుతుంది. ఇందుకూరుపేట, అల్లూరు వైపు నుంచి వచ్చి ఫిషరీస్ చదివే పిల్లల్లో సగం మంది ఇళ్ల దగ్గర వనామీ రొయ్యల చెరువులు ఉంటాయి, లేదంటే ఆ చెరువుల మీద పని చేసే నాన్నలుంటారు. అందుకే మనలాగే రొయ్య మీద బతికే వియత్నాం వాళ్లు చెరువు ఎలా చేస్తున్నారో ఒకసారి కళ్లారా చూడాలని వాళ్లకు గట్టి కోరిక. నేను చదువుకునే రోజుల్లో అలా ఒకసారి వెళ్లాను, ఉమ్మడి డబ్బు సంచీ నా దగ్గరే ఉండేది. తర్వాత రెండు బ్యాచ్‌లకు లెక్క కట్టడంలో సాయం చేశాను. ఆ అనుభవంతో రాస్తున్నాను. మీరు శ్రీలంక వెళ్లినా, థాయ్‌లాండ్ వెళ్లినా పద్ధతి ఇదే, అంకెలు మార్చుకోండి.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. టికెట్ రేట్లు చూడకముందే, హోటల్ వెతక్కముందే, కనీసం నాలుగు నెలల ముందు అందరికీ ఒక్కో చీటీ ఇచ్చి, పేరు రాయకుండా, "ఇంట్లో అప్పు చేయకుండా నేను తేగలిగింది ఇంత" అని ఒక అంకె రాయించండి. చీటీలన్నీ విప్పాక అన్నిటికంటే చిన్న అంకె ఏదో అదే మీ బడ్జెట్. సగటు తీయొద్దు. సగటు తీస్తే ఎక్కువ డబ్బున్న నలుగురి ఇష్టానికి మిగిలిన వాళ్లందరూ ట్రిప్ మొత్తం టెన్షన్ పడాల్సి వస్తుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా ట్రిప్‌లో ఐదో రోజు మధ్యాహ్నం వియత్నాంలోని కాంథో ఊళ్లో అందరం అన్నం తింటుంటే ఒక అమ్మాయి మంచినీళ్ల సీసా పట్టుకుని బయట బల్ల మీద కూర్చుంది. ఏంటమ్మా అంటే "ఆకలిగా లేదన్నా, పొద్దున టిఫిన్ ఎక్కువైంది" అంది. మర్నాడూ అదే మాట. పొద్దున ఆ అమ్మాయి తిన్నది ఒక్క అరటిపండు, నేను చూశాను. ముందురోజు కొందరు సరదాపడి ఒక పెద్ద రెస్టారెంటుకు వెళ్దామన్నారు, బిల్లు తలా ఇంతని సమానంగా పంచారు, ఆ అమ్మాయి నోరెత్తకుండా ఇచ్చేసింది, దాంతో రెండు రోజుల తిండి డబ్బులు పోయాయి. ఎవరూ చెడ్డవాళ్లు కాదు, అడగాలని ఎవరికీ తట్టలేదంతే. డబ్బు సంచీ నా చేతిలో ఉండి కూడా నాకూ తట్టలేదు. ఆ రోజు నుంచి నేను ఎవరికి లెక్క కట్టినా ఆ బల్ల దగ్గరే మొదలుపెడతాను.

మూడు కుప్పలు

డబ్బును మూడు కుప్పలుగా విడదీయండి. మొదటిది బయల్దేరకముందే అయిపోయే ఖర్చు. రెండోది అక్కడ అందరం కలిసి పెట్టేది. మూడోది ఎవరి జేబు వాళ్లది. ఈ మూడూ కలిసిపోతే డబ్బు ఎక్కడ పోతోందో ఎంత తెలివైన వాడికైనా అందదు.

వియత్నాం డబ్బును డాంగ్ అంటారు. సున్నాలు ఎక్కువ కాబట్టి ఒక చిట్కా గుర్తుపెట్టుకోండి: చివరి మూడు సున్నాలు తీసేసి మూడున్నరతో గుణిస్తే సుమారుగా రూపాయలు వస్తాయి. 20,000 డాంగులంటే 70 రూపాయలు, ఐదు లక్షలంటే 1,750. బయల్దేరే వారం అసలు రేటు చూసుకుని సరిచేసుకోండి.

ఎనిమిది రోజులు, ఇరవై మంది పిల్లలు అనుకుని ఒక లెక్క వేసి చూపిస్తాను. ఇవి ఉదాహరణ కోసం వేసిన అంకెలు, మీ రేట్లు మీరు కనుక్కోవాలి.

మొదటి కుప్పలో పాస్‌పోర్టు 1,500 రూపాయలు (36 పేజీలది, మామూలుగా తీసుకుంటే. తత్కాల్ అంటే ఇంకో 2,000 పడుతుంది, నాలుగు నెలల ముందు అనుకుంటే ఆ డబ్బు మిగిలినట్టే). ఒకసారి వెళ్లొచ్చే ఈ-వీసా 25 డాలర్లు, అంటే సుమారు 2,300. చెన్నై నుంచి హోచిమిన్ సిటీకి రానూపోనూ టికెట్, లగేజీతో 26,000 అనుకుందాం. ఇన్సూరెన్స్ 800, చెన్నై వెళ్లిరావడానికి 600. కలిపితే 31,200.

రెండో కుప్పలో బస ఏడు రాత్రులు, హాస్టల్ మంచం రోజుకు రెండున్నర లక్షల డాంగుల చొప్పున 17 లక్షల 50 వేలు. నాలుగు రోజులు బస్సు మాట్లాడుకుంటే రోజుకు 25 లక్షల డాంగులు, మొత్తం కోటి, ఇరవై మందికి పంచితే తలా ఐదు లక్షలు. మనకూ చెరువు వాళ్లకూ మధ్య మాట తర్జుమా చేసి చెప్పే మనిషికి నాలుగు రోజులకు 40 లక్షలు, తలా రెండు లక్షలు. రాత్రి భోజనం అందరం కలిసి, పూటకు 80,000 చొప్పున ఏడు పూటలకు 5 లక్షల 60 వేలు. మొత్తం తలా 30 లక్షల 10 వేల డాంగులు. దీనికి పది శాతం కలపండి, 33 లక్షల 11 వేలు అవుతుంది, మన డబ్బుల్లో 11,600 దాకా. ఆ పది శాతం దేనికో ముందుకెళ్లాక చెప్తాను, అది కలపకుండా మాత్రం బయల్దేరొద్దు.

మూడో కుప్ప: పొద్దున టిఫిన్ 40,000, మధ్యాహ్నం అన్నం 60,000, కాఫీ, నీళ్లు 30,000. రోజుకు లక్షా 30 వేలు, ఎనిమిది రోజులకు 10 లక్షల 40 వేల డాంగులు, 3,640 రూపాయలు. ఇంటికి ఏమైనా కొనుక్కోవడానికి 2,000 వేసుకోండి.

అన్నీ కలిపితే మనిషికి 48,440. ఇవి కాక ఒక్కొక్కరి దగ్గర వంద డాలర్లు ముట్టుకోకుండా ఉండాలి, ఏమీ జరక్కపోతే అవి ఇంటికి తిరిగొస్తాయి. మీ చీటీల్లో చిన్న అంకె 40,000 ఉందనుకోండి, అప్పుడు చేయాల్సింది ఆ పిల్లవాణ్ణి ఇంకో ఎనిమిది వేలు తెమ్మని బతిమాలడం కాదు. రోజులు తగ్గించండి, బస్సు నాలుగు రోజులు కాకుండా రెండు రోజులు పెట్టుకోండి, సెలవులు లేని నెలలో టికెట్ చూడండి. హోచిమిన్ నుంచి కాంథోకు 170 కిలోమీటర్లు, నెల్లూరు నుంచి చెన్నై అంత దూరం, మామూలు టికెట్ బస్సులు రోజంతా తిరుగుతుంటాయి. ఆ ప్రయాణానికి ప్రత్యేకంగా బస్సు మాట్లాడుకోవాల్సిన పనే లేదు, చెరువుల మీద తిరిగే రోజులకు మాట్లాడుకుంటే చాలు.

ఇక్కడే ఇంకో విషయం తేల్చుకోవాలి, చాలామంది మొహమాటంతో అడగరు. కూడా వచ్చే సార్‌ల, మేడమ్‌ల ఖర్చు ఎవరిది? కాలేజీదా, పిల్లలదా? పిల్లలదే అయితే తలా ఎంత పడుతుందో మొదటి మీటింగ్‌లోనే కాగితం మీద ఉండాలి. ఎయిర్‌పోర్టులో తెలిస్తే గౌరవం పోతుంది, రెండు వైపులా.

బయల్దేరకముందే జారిపోయే డబ్బు

ట్రిప్‌లో డబ్బు అక్కడికెళ్లాక పోతుందని అనుకుంటారు. నేను చూసినంతలో పెద్ద నష్టాలన్నీ నెల్లూరులో కూర్చుని ఉన్నప్పుడే జరిగాయి.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉన్న కష్టం ఇంటిపేరు. పదో తరగతి మార్కుల మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో విడిగా ఇంకో గడిలో ఉంటుంది, కొందరికి ఆ గడి ఖాళీగానే ఉంటుంది. టికెట్ కొనేవాడు వాట్సాప్‌లో పేర్లు అడుగుతాడు, పిల్లలు కాలేజీ రిజిస్టర్‌లో ఉన్నట్టు పంపిస్తారు. టికెట్ మీద పేరు సరిచేయించడానికి డబ్బు కట్టాలి. వీసాలో తప్పు పడితే ఇంకా కష్టం, వియత్నాం ఈ-వీసాకు కట్టిన డబ్బు వెనక్కి రాదు, మళ్లీ 25 డాలర్లు కట్టి కొత్తగా పెట్టుకోవాలి. అందుకని పేర్లు టైపు చేయించొద్దు, పాస్‌పోర్టు ఫొటో పేజీ తెప్పించుకోండి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు నింపండి. ఇరవై మందికి ఒక సాయంత్రం పడుతుంది, పట్టనీయండి.

వీసా పెట్టుకునేటప్పుడు వెబ్‌సైట్ అడ్రస్ చివర 'గవ్ డాట్ వీఎన్' అని ఉందో లేదో చూడండి. వెతికితే ముందుగా వచ్చేవి చాలావరకు మధ్యవర్తుల సైట్లు, అదే వీసాకు రెండింతలు, మూడింతలు తీసుకుంటాయి.

టూర్ ప్యాకేజీ తీసుకోవాలా, మనమే విడివిడిగా కొనుక్కోవాలా అని అడుగుతుంటారు. పెద్దవాళ్లు ఎవరూ ఇంతకుముందు విదేశం వెళ్లకపోతే ప్యాకేజీతో మనశ్శాంతి ఉంటుంది, నేను కాదనను. కానీ రెండు సంగతులు తెలుసుకుని తీసుకోండి. ఒకటి, విదేశీ టూర్ ప్యాకేజీ మీద మొదటి రూపాయి నుంచే టీసీఎస్ అని ఒక పన్ను పట్టుకుంటారు. అది పోయే డబ్బు కాదు, డబ్బు కట్టినవాళ్ల పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది. అయితే ఎప్పుడూ రిటర్న్ వేయని రైతు కుటుంబానికి అది ఇంకో పని, ఇంకో ఖర్చు. అదే విడిగా టికెట్లు కొనుక్కుని డాలర్లు మార్చుకుంటే, 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రూల్ ప్రకారం ఏడాదికి పది లక్షలు దాటేదాకా టీసీఎస్ లేదు. రెండోది, "అన్నీ కలిపే" అనే మాట నమ్మొద్దు. ఏమేమి కలపలేదో రాసిమ్మని అడగండి. మాకు మాట్లాడిన ఏజెంటు అన్నీ కలిపే అన్నాడు, తీరా అక్కడికెళ్లాక పడవ డబ్బులు వేరే, ప్రవేశ టికెట్లు వేరే, డ్రైవర్ రాత్రి బత్తా వేరే అని తేలింది.

విమానం గురించి రెండే మాటలు. చౌక విమానాల్లో చేతి సామాను 7 కిలోలకు మించితే కౌంటర్ దగ్గర కట్టే రేటు ముందే ఆన్‌లైన్‌లో కొన్నదానికంటే చాలా ఎక్కువ, కాబట్టి ఇద్దరికో పెద్ద బ్యాగు లెక్కన లగేజీ డబ్బు ముందే కట్టేయండి. మధ్యలో విమానం మారాల్సి ఉంటే రెండూ ఒకే బుకింగ్‌లో ఉండాలి. వందలు మిగులుతాయని వేర్వేరుగా కొంటే, మొదటిది ఆలస్యమైన రోజు రెండో టికెట్ డబ్బంతా పోతుంది.

చెన్నైకి కార్లు మాట్లాడుకోవడం మనవాళ్లకు అలవాటు. పినాకిని రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగితే అక్కడి నుంచి మెట్రో నేరుగా ఎయిర్‌పోర్టుకు వెళ్తుంది. రాత్రి విమానమైతే టైము బోలెడు ఉంటుంది. ఒంగోలు, కావలి పిల్లలు కూడా ఆ రైలే పట్టుకోవచ్చు, అందరూ ఒకే బోగీలో కలుస్తారు.

డబ్బు ఏ రూపంలో తీసుకెళ్లాలి

ముందుగా పాన్ కార్డు. డాలర్లు కొనాలంటే పాన్ అడుగుతారు, పంతొమ్మిదేళ్ల పిల్లల్లో చాలామందికి ఉండదు. ఆధార్‌కు ఫోన్ నంబరు కలిసి ఉంటే ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో ఈ-పాన్ ఉచితంగా వస్తుంది, దానికి మీసేవ దగ్గర ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు.

డాలర్లు బ్యాంకులో గానీ, రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న మనీ ఛేంజర్ దగ్గర గానీ కొనండి, ఇద్దరు ముగ్గురిని అడగండి. "రేటెంత" అని అడిగితే ఒక అంకె చెప్తారు, తర్వాత సర్వీసు చార్జీ, జీఎస్టీ అంటారు. అలా కాకుండా "నా చేతికి 200 డాలర్లు రావాలంటే నా చేతి నుంచి మొత్తం ఎన్ని రూపాయలు పోవాలి" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులు పక్కపక్కన రాసుకుంటే ఎవరిది చౌకో ఇట్టే తేలిపోతుంది. మామూలుగా 25,000 రూపాయల లోపు మార్చుకుంటే జీఎస్టీ 45 రూపాయలు పడుతుంది, అంతకంటే ఎక్కువ రాస్తే ఎందుకని అడగండి. నోట్లు ఇచ్చి కొంటే 50,000 రూపాయల దాకానే తీసుకుంటారు, అంతకు మించితే ఖాతా నుంచి కట్టాలి. బిల్లు తప్పనిసరిగా తీసుకుని పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి. ఎయిర్‌పోర్టు కౌంటర్‌ను ఆఖరి దారిగా ఉంచుకోండి. మన రూపాయి నోట్లు 25,000 వరకే దేశం దాటించవచ్చు. డాలరు నోట్లు మనిషికి ఒక ట్రిప్‌కు 3,000 వరకు, మనకు అంత అవసరం రాదు.

డాలరు నోట్లు కొత్తవి ఇమ్మని గట్టిగా అడగండి. మన కూరగాయల మార్కెట్లో టేపు అంటించిన నోటు కూడా చెల్లుతుంది, అక్కడ డాలరు నోటు మీద పెన్ను గీత ఉన్నా, అంచు చిరిగినా వద్దంటారు, లేదా రేటు తగ్గిస్తారు. మడతపెట్టొద్దు, పుస్తకంలో పెట్టుకుని తీసుకెళ్లండి.

ఫారెక్స్ కార్డు (విదేశీ డబ్బు ముందే వేసుకుని వాడే కార్డు) మంచిదే, కానీ వియత్నాం విషయంలో ఒక చిక్కుంది. మన దగ్గర ఇచ్చే చాలా కార్డుల్లో డాంగులు వేసుకునే వీలు ఉండదు, డాలర్లు వేస్తారు. అక్కడ గీస్తే డాలరు నుంచి డాంగుకు మారేటప్పుడు మళ్లీ కొంత కోస్తారు. మామూలు డెబిట్ కార్డు గీస్తే చాలా బ్యాంకులు మూడున్నర శాతం దాకా పట్టుకుంటాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే వందకు నాలుగు రూపాయల పదమూడు పైసలు. అందుకని నేను చెప్పేది: ఖర్చు డబ్బులో ఎక్కువ భాగం డాలరు నోట్లుగా తీసుకెళ్లి అక్కడ ఊళ్లో మార్చుకోండి, మిగిలింది కార్డులో ఉంచండి. నోట్లన్నీ ఒకే చోట పెట్టొద్దు, మెడలో వేసుకునే పర్సులో కొన్ని, పెద్ద బ్యాగు అడుగున కాకుండా దగ్గరుండే బ్యాగులో కొన్ని.

డెబిట్ కార్డు ఆఖరి ఆసరాగా ఉండాలి కాబట్టి ముందే చూసుకోండి. 2020 నుంచి వచ్చే కార్డులు విదేశాల్లో పనిచేయకుండా ఆపి ఉంచే ఇస్తారు, బ్యాంకు యాప్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి. స్టూడెంట్ ఖాతాలకు ఇచ్చే రూపే కార్డుల్లో చాలావరకు దేశం లోపల మాత్రమే పనిచేసేవి, మీదేదో బ్రాంచికి వెళ్లి అడగండి. బ్యాంకుకు ఇచ్చిన సిమ్ ఫోన్‌లోనే ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. ఆ సిమ్ పీకేసి అక్కడి సిమ్ వేసుకుని, పాతది బ్యాగులో ఎక్కడో పడేసి, డబ్బులుండీ తీసుకోలేక ఏడ్చినంత పనైన అబ్బాయి మా బ్యాచ్‌లోనే ఉన్నాడు. టీ కొట్టు నుంచి బంగారం కొట్టు దాకా ఫోన్‌తో కట్టడం మనకు అలవాటైపోయింది, అక్కడ కూడా కొట్టు కొట్టుకూ క్యూఆర్ కనపడుతుంది, చేయి ఫోన్ మీదికి పోతుంది. మన యూపీఐని నమ్ముకుని మాత్రం బయల్దేరొద్దు.

ఏటీఎంలో తీయాల్సి వస్తే చిన్న చిన్నగా నాలుగుసార్లు కాకుండా కాస్త పెద్ద మొత్తం ఒకసారి తీయండి, ప్రతిసారీ అక్కడి బ్యాంకూ, మన బ్యాంకూ రెండూ చార్జీ వేస్తాయి. స్క్రీన్ మీద "మీ రూపాయల్లో లెక్క కట్టమంటారా" అని అడుగుతుంది, కొట్లో కార్డు మిషను కూడా అడుగుతుంది. చూడటానికి మన మంచికే అనిపిస్తుంది. వద్దు అని నొక్కి డాంగుల్లోనే కట్టండి. రూపాయల్లో అంటే వాళ్లు వేసే రేటు దారుణంగా ఉంటుంది.

ఐదు లక్షల నోటు, ఇరవై వేల నోటు

ఈ రెండూ నీలమే. రెండూ ప్లాస్టిక్ నోట్లే, రెండింటి మీదా ఒకే మనిషి బొమ్మ, వాళ్ల నాయకుడు హోచిమిన్‌ది. ఒకటి 70 రూపాయలు, ఇంకొకటి 1,750.

మా వాడొకడు కాంథోలో సాయంత్రం ఏడింటప్పుడు బండి మీద కొబ్బరి బోండాం తాగి నోటిచ్చాడు. చీకటి పడింది, బండికి ఒక్క బల్బు. బండామె నోటు తీసుకుని వీడి మొహం చూసింది, నోటు వెనక్కిచ్చి తన డబ్బా తెరిచి ఇంకో నీలం నోటు తీసి పక్కన పెట్టి చూపించింది, సున్నాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ఆమె మంచిది కాబట్టి సరిపోయింది. మరుసటి రోజు ఇంకొకడు ఎక్కడో ఇచ్చేశాడు, రాత్రి లెక్క చూసుకునేటప్పుడు "అన్నా, ఐదు లక్షల నోటు కనపడట్లేదు" అన్నాడు.

దీనికి మందు ఒకటే: ఐదు లక్షలు, రెండు లక్షలు, లక్ష నోట్లు ఒక పర్సులో, యాభై వేలు, అంతకంటే చిన్నవి ఇంకో జేబులో. డబ్బు మార్చుకున్న చోటే, కౌంటర్ వదలకముందే విడదీసుకోండి. రోడ్డు మీద చిన్న జేబు తప్ప పెద్ద పర్సు బయటికి తీయొద్దు. అక్కడి వాళ్లు ధర చెప్పేటప్పుడు మూడు సున్నాలు మింగేస్తారు, "ఫిఫ్టీ" అంటే యాభై వేలు, మెనూలో 50 పక్కన కే అక్షరం ఉన్నా అదే. కంగారు పడకుండా ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి వాళ్ల చేతికివ్వండి, అంకె వాళ్లే కొట్టి చూపిస్తారు. టాక్సీకి గ్రాబ్ యాప్ వాడండి, ఎంతో ముందే తెలుస్తుంది, నోట్లు ఇచ్చి కట్టొచ్చు.

శాకాహారం తినే పిల్లలకు తిండి ఖర్చు పెరుగుతుందని భయపడతారు. హోటల్ బోర్డు మీద 'చాయ్' అన్నట్టు పలికే మాట ఉంటుంది, అది టీ కాదు, శాకాహారం అని. అక్కడి బౌద్ధులు చాలామంది చంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం ముట్టరు, మన ఇళ్లల్లో పౌర్ణమి, అమావాస్య పట్టింపు లాంటిదే, అందుకని ఇలాంటి హోటళ్లు చిన్న ఊళ్లలో కూడా ఉంటాయి, ధరా ఎక్కువ కాదు. పచ్చడి సీసాలు పెద్ద బ్యాగులోనే వేయండి, చేతి బ్యాగులో పెడితే చెన్నైలోనే తీసి పడేస్తారు. కారప్పొడి, అటుకుల మిక్చర్ ఉంటే రెండు పూటలు గడిచిపోతాయి.

మన కోసం టైము ఇచ్చే చెరువుల వాళ్లకూ, యూనివర్సిటీ వాళ్లకూ ఏదో ఒకటి ఇవ్వాలి, దానికి అక్కడ కొనడం దండగ. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు తీసుకెళ్లండి. బరువుండవు, పగలవు, మన జిల్లా మనిషి చేతి పని. మేం ఇచ్చినప్పుడు ఒక పెద్దాయన చెంచా పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

ఉమ్మడి సంచీ

ఇద్దరుండాలి. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర. ఒకరి దగ్గరే రెండూ ఉంటే ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా చివరికి మాట పడతాడు. ఇద్దరూ గదిలో కలిసి ఉండేవాళ్లు కాకపోతే మంచిది.

పుస్తకం అంటే యాప్ కాదు, కాగితం పుస్తకం. యాప్‌లు కూడా పెట్టుకోండి, కానీ బస్సులో సిగ్నల్ లేని చోట రాసుకున్నదే పనికొస్తుంది. ఒక్కో లైనులో తేదీ, ఏమిటి, ఎన్ని డాంగులు, ఎవరు కట్టారు. రసీదులు అక్కడి భాషలో ఉంటాయి, రాత్రికి ఏది దేనిదో తెలియదు, అందుకని చేతిలోకి వచ్చిన వెంటనే వెనకవైపు తెలుగులో "బస్సు, రెండో రోజు" అని రాసేయండి. రోజూ రాత్రి తొమ్మిదింటికి మంచం మీద నోట్లన్నీ పరిచి లెక్కపెట్టండి. పుస్తకం ప్రకారం ఉండాల్సింది ఇంత, చేతిలో ఉన్నది ఇంత, తేడా ఎంతైనా అదే రాత్రి రాయండి. ఆ పేజీ ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. పది నిమిషాల పని. ఒక్క రోజు వదిలేస్తే మర్నాడు గంట పడుతుంది, రెండు రోజులు వదిలేస్తే ఇక ఆ లెక్క తేలదు.

ఉమ్మడి సంచీలోంచి ఏవి కట్టాలో ముందే రాసుకోండి: బస, బస్సు, మాట తర్జుమా చేసే మనిషి, ప్రవేశం, రాత్రి భోజనం, మందులు. మిగిలినవన్నీ సొంతం. ఎవరైనా పెద్ద రెస్టారెంటుకు వెళ్దామంటే వెళ్లనీయండి, వాళ్ల డబ్బుతో, వాళ్ల టైములో. బిల్లు తలా సమానం అనే మాట ఉమ్మడి ఖర్చుకు తప్ప ఇంక దేనికీ వద్దు.

ఇప్పుడు ఆ పది శాతం. దాన్ని ఒక కవర్లో పెట్టి కూడా వచ్చిన మేడమ్‌కో సార్‌కో ఇవ్వండి, పిల్లలకు ఎవరంటే చనువో వాళ్లకి. ఎవరికైనా డబ్బు తక్కువైతే వాళ్లను అడగాలి, వాళ్లు ఎందుకని అడక్కూడదు, గ్రూపుకు తెలియకూడదు. ఒక చీటీ మీద అంకె, సంతకం, మూడు నెలల్లో తిరిగి కడతానని. ఈ మాట మొదటి మీటింగ్‌లో అందరికీ కలిపి చెప్పండి, అప్పుడు ఎవర్నీ వేలెత్తి చూపినట్టు ఉండదు. మూడో రోజు నుంచి ఎవరు మధ్యాహ్నం తినట్లేదో చూస్తూ ఉండమని కవరు పట్టుకున్నవాళ్లకు విడిగా చెప్పండి. తర్వాతి బ్యాచ్‌లో ఇద్దరు ఆ కవర్లోంచి తీసుకున్నారు, వాళ్లెవరో నాకు ఈ రోజుకీ తెలియదు, రెండు చీటీలూ గడువు లోపే తీరిపోయాయి.

జబ్బు చేస్తే ఆసుపత్రిలో ముందు మనమే కట్టి తర్వాత ఇన్సూరెన్సు నుంచి తెచ్చుకోవాల్సి రావచ్చు, వంద డాలర్లు ముట్టుకోవద్దన్నది అందుకే. ప్రతి కాగితం దాచండి. పాస్‌పోర్టు పోతే వెళ్లాల్సింది హోచిమిన్ సిటీలోని భారత కాన్సులేట్‌కు, ఆ అడ్రసు, ఫోన్ నంబరు పుస్తకం మొదటి పేజీలో రాసి ఉంచండి.

తిరిగొచ్చేటప్పుడు

మిగిలిన డాంగులు అక్కడే డాలర్లుగా మార్చేయండి, ఇక్కడికొచ్చాక నెల్లూరులో కాదు కదా చెన్నైలో కూడా డాంగులు తీసుకునేవాళ్లను వెతుక్కోవాలి. మార్చేటప్పుడు మొదట డబ్బు మార్చుకున్నప్పటి బిల్లు అడగొచ్చు, అందుకే దాచమన్నది. డాలరు నోట్లు 2,000 వరకు మన దగ్గరే ఉంచుకోవచ్చు, అంతకు మించినవి వచ్చిన 180 రోజుల్లోపు బ్యాంకులో ఇచ్చేయాలి. వంద డాలర్లు మిగిలాయంటే వెంటనే మార్చుకోండి, చాలామంది ఇళ్లల్లో ఆ డబ్బు కోసం ఎదురుచూస్తుంటారు, చెరువు పట్టుబడి డబ్బులోంచో, డ్వాక్రా లోనులోంచో తీసి ఇచ్చింది అది.

వారం లోపు లెక్క మూసేయండి. మిగిలింది తలా 85 రూపాయలైనా సరే పంచేయండి, "పార్టీ చేసుకుందాం" అనే మాట వస్తుంది, వద్దు, ముందు ఎవరి డబ్బు వాళ్ల ఖాతాలో పడాలి, ఆ తర్వాత ఇష్టమున్నవాళ్లు చేసుకుంటారు. పుస్తకం చివరి పేజీలో అందరి సంతకాలు తీసుకుని, ప్రతి ధర పక్కన తేదీ ఉందో లేదో ఒకసారి చూసి, పుస్తకాన్ని అలాగే జూనియర్లకు ఇచ్చేయండి. మా పుస్తకం ఇప్పుడు మూడో బ్యాచ్ దగ్గరుంది, అట్ట ఊడిపోతే ఎవరో సిమెంటు సంచీ గుడ్డతో కుట్టారు.